హల్వా ముందా, ముంజలు ముందా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
ఆదివారం సాయంత్రం మా కాలనీలో వేసవి సంబరం. సొంతంగా వండి తెచ్చేవాళ్లకే స్టాళ్లట. మాడుగుల హల్వా, పూతరేకులు, బొంగు చికెన్, చోడి (రాగి) అంబలి, ముంజలు ఉంటాయన్నారు. మా అమ్మకి 70 దాటాయి, కొంచెమే తినగలదు. నిరుడు వెళ్లగానే హల్వా తిని, ఇంకేమీ ముట్టలేకపోయింది. ఈసారి అన్నీ రుచి చూపించాలని నా ఆశ. ఏ వరసలో వెళ్లమంటారు?

జవాబు (అనకాపల్లి):
ముందు ముంజలండీ. లేతవి ఏరించుకోండి, నొక్కితే లోపల నీళ్లు తెలియాలి. ముదిరినవి పెద్దవాళ్లకి అరగవు. హల్వా మాత్రం ఇంటికి తెచ్చుకోండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, అవి పులిశాక నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి దించిన సరుకది. బయట పెట్టినా రోజుల తరబడి నిలవుంటుంది. అమ్మగారు రోజుకో ముక్క తింటారు.

జవాబు (పెందుర్తి):
మా అత్తగారిది అరకు వైపు. బొంగు చికెన్ మీ కళ్లముందు బొంగు చీల్చి ఇస్తేనే తీసుకోండి. పచ్చి వెదురు చెమ్మతోనే మాంసం ఉడకాలి, నూనె అక్కర్లేదు. గిన్నెలోది తీసి బొంగులో పోసిస్తే అది మామూలు కూరే!

ఎంవీపీ కాలనీ:
చాలా థాంక్సండీ. హల్వా పొట్లం కట్టించేస్తాను. అంబలి మజ్జిగ, ఉల్లిపాయతో చిన్న గ్లాసు చాలు. నిరుడు ఒకావిడ బోర్లించిన కుండ మీద పూతరేకు తీస్తుంటే అమ్మ అరగంట నిలబడి చూసింది. పాపం, కాళ్లు లాగేశాయి. ఈసారి ఆవిడ పక్కనే కుర్చీ వేయిస్తాను.