కూర్మ గ్రామం: పెద్దలు ఎంచుకున్నారు సరే, పిల్లల మాటేమిటి?

గాజువాక_కుర్రాడు:
పోయిన ఆదివారం వైజాగ్ నుంచి అమ్మని తీసుకుని కూర్మ గ్రామం వెళ్లొచ్చాను. తెలియనివాళ్ల కోసం: శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర ఇస్కాన్ భక్తులు 2018లో మొదలుపెట్టిన ఊరు. కరెంటు, సెల్‌ఫోన్లు, టీవీలు లేవు. తెల్లవారకముందే లేచి పూజ, జపం; తర్వాత పొలం పని, ఆవులు. పిల్లలకి అక్కడే గురుకులం. ఇళ్లకి సిమెంటు, ఇనుము బదులు ఇసుక, సున్నంలో బెల్లం, కరక్కాయ, మెంతులు కలిపి వాడారట. మిట్టమధ్యాహ్నం గోడ మీద చెయ్యేస్తే చల్లగా తగిలింది. అమ్మ వేలితో గీరి చూసి, "మా నాయనమ్మ ఇల్లు ఇలాగే ఉండేదిరా" అని అరుగు మీద కూర్చుండిపోయింది. బయల్దేరదీయడానికి గంట పట్టింది.

నా డౌటు వేరు. పెద్దవాళ్లు అన్నీ చూసే వద్దనుకుని వచ్చారు. పిల్లలు ఏం చూశారని వద్దనుకోవడానికి?

పెందుర్తి_బాబాయ్:
మనం మాత్రం పిల్లల్ని అడిగే బళ్లో వేశామా తమ్ముడూ? మావాడు ఆరో క్లాసుకే ఐఐటీ ఫౌండేషన్. ఆరున్నరకి బస్సెక్కితే దిగేది సాయంత్రం ఏడింటికి. ఆవుల మధ్య పెరిగితే తప్పొచ్చిందా?

లా_స్టూడెంట్:
ఈ గొడవ అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లూ ఇలాగే సాదాగా బతుకుతారు. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపేది లేదన్నారు. 1972లో కోర్టు తల్లిదండ్రుల పక్షమే తీర్పిచ్చింది. జస్టిస్ డగ్లస్ ఒక్కరే, అసలు పిల్లల్ని కూడా అడగాలి కదా అన్నారు. నా ఓటు ఆయనకే. మన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వర్తిస్తుంది కానీ, 2012 సవరణలో వేద పాఠశాలల్నీ మదర్సాల్నీ బయట పెట్టేశారు.

నైట్‌డ్యూటీ_అక్క:
చదువు సంగతి పక్కన పెట్టండి. నేను నర్సుని, నా భయం కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్లని రాత్రిపూట కాటేస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, రెప్పలు వాలిపోయేదాకా చాలామందికి తెలీదు. అప్పుడు యాంటీవెనమ్ కావాలి, ఒక్కోసారి వెంటిలేటరూ కావాలి. బండి పిలవడానికి ముందు ఫోనుండాలి కదండీ. ఊరివాళ్లు ఆస్పత్రికి వెళ్లరని నేననట్లేదు, నిమిషాల గురించి చెప్తున్నా.

పెందుర్తి_బాబాయ్:
2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మనమూ రోజుల తరబడి కరెంటు, సిగ్నలు లేకుండా బతికాం. అపార్టుమెంటులో పక్కింటాయన పేరు నాకు అప్పుడే తెలిసింది.

నైట్‌డ్యూటీ_అక్క:
మీకు పేరు తెలిసింది బాబాయ్ గారూ, నేను మూడంతస్తులు బిందెలు మోశాను. అక్కడ కూడా నీళ్లు తోడేది, పొయ్యి ఊదేది ఎవరో గమనించావా తమ్ముడూ?

గాజువాక_కుర్రాడు:
నిజంగా గమనించలేదక్కా. గోడలు చూస్తూ ఉండిపోయా.

బాబాయ్ గారూ, మీవాడు ఇరవై ఏళ్లొచ్చాక ఫౌండేషన్ని తిట్టుకుంటూ వేరే పని చూసుకోగలడు, చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. 2018లో ఐదేళ్లకి అక్కడికి వెళ్లిన పిల్లాడికి పద్దెనిమిది నిండేది 2031లో. బయటికి రావాలనిపిస్తే దారి ఉందా లేదా వాడే చెప్పాలి. అప్పటిదాకా "పిల్లలు హాయిగా ఉన్నారు" అని ఎవరన్నా నేను ఒప్పుకోను, మా అమ్మ అన్నా సరే.

పెందుర్తి_బాబాయ్:
అమ్మగారు ఏమంటున్నారు?

గాజువాక_కుర్రాడు:
నిన్న కుంకుడుకాయలు తెప్పించింది. కొట్టే పని నాకే పడింది.