అప్‌డేట్: ఇథియోపియా విందు, విరిగిపోతున్న ఇంజెరా

మిత్రులకు ఇస్తున్న ఇథియోపియా విందు కోసం పోస్తున్న ఇంజెరా (టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే అట్టు) పెనానికి అతుక్కుని ముక్కలవుతోందని, శుక్రవారం ఉపవాసం పాటించే ఇథియోపియా అతిథికి ఏమి వడ్డించాలో తోచడం లేదని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

టెఫ్ పిండిలో గ్లూటెన్ (పిండిని సాగేలా పట్టి ఉంచే జిగురు ప్రోటీన్) ఉండదు గనుక అట్టును తిరగేయకుండా, మూతపెట్టి ఒకవైపే కాల్చమన్న మాట చక్కగా పనిచేసింది: పులిసిన పిండి వేడి పెనం మీద పడగానే సన్నని బుడగలు లేచి, పగిలి, పైభాగమంతా చిల్లులు పడ్డాయి, కాసేపటికి అంచులు వాటంతటవే పైకి లేచాయి.

ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాల పదార్థాలు ముట్టరు కాబట్టి కోడికూర దోరో వాట్‌ను మానేసి, ఉల్లిపాయలు ఎర్రగా మగ్గించి, బెర్బెరే కారం, మసూర్ పప్పు వేసి నూనెతోనే మిసిర్ వాట్ వండాను. అతిథి తృప్తిగా, మళ్లీ అడిగి మరీ వడ్డించుకున్నారు. నాకు అదే అన్నిటికన్నా పెద్ద సంతోషం. దోరో వాట్‌కు ఆయనను ఆదివారం పిలిచాను.