సొంత వీపీఎన్ సర్వరా, చందా కట్టే వీపీఎన్ సేవా?

ప్రశ్న

పని మీద తరచుగా ప్రయాణాలు చేస్తుంటాను. హోటళ్లలోనూ విమానాశ్రయాల్లోనూ ఉండే వైఫై వాడక తప్పడం లేదు. నేను ఏ సైట్లు చూస్తున్నానో ఆ వైఫై నడిపేవాళ్లకు తెలియకూడదు, ఇంట్లోని కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు బయటి నుంచి అందాలి, వెబ్‌సైట్లు నన్ను గుర్తుపట్టకూడదు. ఇందుకు వీపీఎన్ (మన ట్రాఫిక్‌ను గుప్తీకరించి మరో సర్వర్ గుండా పంపే ఏర్పాటు) కావాలి. చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం మేలా, ఏదైనా వీపీఎన్ సేవకు చందా కట్టడం మేలా? లినక్స్ కమాండ్లతో కొద్దిపాటి పరిచయం ఉంది.

జవాబు 1

మీరు అడిగిన మూడూ ఒక్కదానితో తీరేవి కావండి. మొదటి రెండింటికీ సొంత సర్వర్ సరిపోతుంది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి వైర్‌గార్డ్ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది కనుక, మీకున్న పరిచయం చాలు. చిక్కంతా మూడో దానితోనే. అద్దె సర్వర్ ఐపీ అడ్రస్‌ను వాడేది మీరొక్కరే కాబట్టి, ఈరోజు ఒక సైట్‌కు, రేపు మరో సైట్‌కు వెళ్లింది ఒకే మనిషని పోల్చుకోవడం తేలిక. పైగా ఆ సర్వర్ మీ పేరు మీద, మీ కార్డుతో తీసుకున్నది. చందా సేవల్లో ఒకే అడ్రస్ వెనుక ఎంతోమంది ఉంటారు, ఆ గుంపులో కలిసిపోవడమే అక్కడ దొరికే అసలు రక్షణ. అయితే మీరు లాగిన్ అయిన సైట్ నుంచి మిమ్మల్ని ఏ వీపీఎన్ కూడా దాచలేదు.

జవాబు 2

చందా సేవ తీసుకుంటే మీ ట్రాఫిక్‌ను ఆ సంస్థ చేతిలో పెట్టినట్టే కాబట్టి, లాగ్‌లు (ఎవరు ఏం చూశారన్న రికార్డులు) దాచిపెట్టబోమని అది చెప్పే మాటకు ఆధారం ఏమిటో చూడాలి. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారంట్‌తో తమ కార్యాలయానికి వచ్చి, వినియోగదారుల సమాచారమేదీ దొరక్క వట్టి చేతులతో వెళ్లారని ముల్వాడ్ అనే వీపీఎన్ సంస్థ ప్రకటించింది. అలాంటి ఆధారమో, స్వతంత్ర ఆడిట్ నివేదికో లేని సేవకు నేనైతే డబ్బు కట్టను.

సొంత సర్వర్ విషయంలో నాకు జరిగింది కూడా చెప్పాలి. ఫోన్‌లోని వైర్‌గార్డ్ సెట్టింగుల ఫైల్‌లో, ఏ ట్రాఫిక్ వీపీఎన్ గుండా పోవాలో చెప్పే అలౌడ్‌ఐపీస్ వరుసలో 0.0.0.0/0 (ఐపీవీ4 అడ్రస్‌లన్నీ) మాత్రమే రాసి, ::/0 (కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్‌లన్నీ) వదిలేశాను. ఫోన్‌లో వీపీఎన్ గుర్తు కనిపిస్తూనే ఉంది, ఐపీవీ6 ట్రాఫిక్ మాత్రం కొన్ని వారాలపాటు టన్నెల్ (వీపీఎన్ దారి) బయటి నుంచే పోయింది. కనెక్ట్ అయ్యాక మీ ఐపీవీ4, ఐపీవీ6 అడ్రస్‌లు రెండూ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అయితే అద్దె సర్వర్ లేకుండా, ఇంటి రౌటర్‌లోనే వైర్‌గార్డ్ పెట్టుకోవచ్చా?

జవాబు 1

రౌటర్‌కు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఉంటే అదే మంచి దారి. రౌటర్ సెట్టింగుల పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ చూడండి: అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరు సీజీనాట్ (ఇంటర్నెట్ సంస్థ ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచే ఏర్పాటు) వెనుక ఉన్నట్టు, బయటి నుంచి ఐపీవీ4లో నేరుగా చేరలేరు. అప్పుడు అద్దె సర్వర్‌ను మధ్యలో పెట్టి, ఇంటి కంప్యూటరే దానికి కనెక్ట్ అయ్యేలా చేసి, ఆ కనెక్షన్ తెగకుండా ప్రతి 25 సెకన్లకు ఒక సంకేతం పోయేలా దాని వైర్‌గార్డ్ ఫైల్‌లో పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్ 25 అని రాయండి.