ఆడవాళ్లకే అని ఆటల క్లాసు పెట్టాం, సగానికి పైగా మానేశారు. ఏం చేస్తే వస్తారు?

అందరికీ నమస్కారం. వారానికి రెండు రోజులు, గంటసేపు, ఆడవాళ్లకు మాత్రమే ఆటలూ వ్యాయామం పెడుతున్నాం. వచ్చేది ఎక్కువగా ముస్లిం అమ్మాయిలు, 16 నుంచి 24 ఏళ్లవాళ్లు. చదువులో పడ్డాక ఆటల జోలికి పోనివాళ్లే అందరూ. మొదటి రోజు 14 మంది వచ్చారు, ఇప్పుడు ఆరుగురు.

నేర్పేది మహిళే, లోపలికి మగవాళ్లు రారు, ఇక ఇబ్బందేముందనుకున్నాం. కానీ హాలు తలుపుకు అద్దం ఉంది. ఓరోజు బయట ఎవరో మగాయన నడిచి వెళ్తుంటే, బ్యాడ్మింటన్ ఆడుతున్న అమ్మాయి రాకెట్ కింద పడేసి స్కార్ఫ్ కోసం పరుగెత్తింది. మళ్లీ ఆటలోకి రాలేదు. ఆ సాయంత్రమే కర్టెన్ కట్టాం. ఇది ముందే తట్టకపోవడం మా తప్పే. ఫొటోల భయం లేకుండా ఫోన్లు కూడా బయటే పెట్టిస్తున్నాం.

అయినా మానేసినవాళ్లు రావట్లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని డబ్ల్యూహెచ్ఓ చెప్పిందంటే ఎవరూ కదల్లేదు. (నేనూ కదిలేదాన్ని కాదేమో!) అమెరికా క్రీడాకారిణి ఇబ్తిహాజ్ ముహమ్మద్ 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తోనే ఫెన్సింగ్ (కత్తియుద్ధం ఆట) టీమ్ కాంస్యం గెలిచిందని చెబితే ఆసక్తిగా విన్నారు, అంతే.

ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి: అమ్మలనూ పిలిస్తే మేలా, లేక వాళ్ల ముందు పిల్లలు బిగుసుకుపోతారా? అసర్ (సాయంత్రం), మగ్రిబ్ (పొద్దుగుంకాక) నమాజుల మధ్య గంట సరిపోతుందా? రంజాన్‌లో ఆపేయాలా, ఇఫ్తార్ తర్వాతకి మార్చాలా? ముఖ్యంగా, మానేసినవాళ్లను మొహమాటపెట్టకుండా కారణం ఎలా అడగాలి?