పోయిన వస్తువు మళ్లీ కొనివ్వాలా, వద్దా?

పర్లాకిమిడి అమ్మ: మా వాడు ఇక్కడ ఒడిశాలో నాలుగో తరగతి. బడి తెరిచిన దగ్గర్నుంచి మూడు వాటర్ బాటిళ్లు, ఒక పెన్సిల్ బాక్సు, ఎడమకాలి చెప్పు పోగొట్టాడు (ఒక్క కాలిదే ఎలా పోయిందని అడక్కండి, నాకూ తెలీదు). నిన్న నాలుగో బాటిల్ అడిగితే కొననన్నాను. కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగమన్నాను. అప్పట్నుంచి మా అత్తగారు నాతో మాట్లాడట్లేదు. తప్పు చేశానంటారా?

గుణుపురం మాస్టారు: తప్పేం కాదమ్మా. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఏడాది చివరికి మా బీరువా మీద డబ్బాలు, స్వెట్టర్లు, గొడుగులు గుట్టపడేవి. ఎవరివిరా అంటే ఒక్కడూ లేచేవాడు కాదు. కొన్నది నాన్న, పేరు రాసింది అమ్మ, సంచి సర్దింది నాయనమ్మ, ఇక వాడికేం గుర్తుంటుంది? రాత్రి సంచి వాడిచేతే సర్దించండి, మీరు ముట్టుకోవద్దు. ఆఖరి గంట కొట్టగానే డబ్బా, బాటిల్, బాక్సు, గొడుగు అని వేళ్లమీద లెక్కపెట్టించేవాణ్ణి. మర్చిపోతే రూపాయి ఫైను. బాటిలైతే సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లి తెచ్చుకుంటారు. తెలుగు మీడియం పుస్తకం పోతే? అటు దాటితే సిలబస్సే వేరు.

రాయగడ స్టీల్‌సామాన్లు: స్టీలుది కొని పేరు చెక్కించండి అక్కా. తెలుగుతో పాటు ఒడియాలో కూడా. క్లాసులో సగంమందికి తెలుగు చదవడం రాదు.

బరంపురం వాసి: మాస్టారూ, పిల్లల దగ్గర ఫైనా? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చూడండి, కొట్టడమే కాదు మానసికంగా వేధించడం కూడా నిషేధం.

గుణుపురం మాస్టారు: రూపాయి వేధింపా! ఆ రూపాయిలతో సుద్దముక్కలు, రబ్బర్లు కొని మళ్లీ వాళ్లకే పంచాను బాబూ.

బరంపురం వాసి: రూపాయి లేని పిల్లాడేం చేసేవాడు?

గుణుపురం మాస్టారు: రేపు తెస్తానని చెప్పేవాడు.

బరంపురం వాసి: తేలేకపోతే? అసలు 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచి బరువు పిల్లాడి బరువులో పదోవంతు దాటకూడదు. పాతిక కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలు. అంతకు రెట్టింపు మోయిస్తూ, అందులో ఒకటి పోతే బాధ్యత లేదంటారు.

గుణుపురం మాస్టారు: బరువు వేరు, బాధ్యత వేరు. పోనీ ఫైను తీసేద్దాం. అయినా పోయినవన్నీ మర్చిపోయినవి కావు. సగం పక్కవాడి సంచిలోనే ఉంటాయి. సంచులు వెతికిస్తే పది నిమిషాల్లో బయటపడేవి.

రాయగడ స్టీల్‌సామాన్లు: అందుకే పేరు చెక్కించమన్నాను.

బరంపురం వాసి: చెక్కుడు తర్వాత చూద్దాం. ఎవరి సంచులు మాస్టారూ? నేను ఆరో తరగతిలో ఉండగా క్లాసులో ఒకబ్బాయి ఇంకు పెన్ను పోయింది. నలభైమందిలో వెతికింది మా హాస్టల్ పిల్లలం ఆరుగురివే. నా రేకుపెట్టె అందరి ముందూ బోర్లించారు. చెల్లికని కాగితంలో చుట్టి దాచిన పల్లీ ఉండలు నేలమీద దొర్లాయి. అవెక్కడివిరా అని దానికో ప్రశ్న. రెండురోజులకి పెన్ను ఆ అబ్బాయి ఇంట్లోనే, ఉతకడానికి వేసిన నిక్కరు జేబులో దొరికింది. మాకెవరూ ఏమీ చెప్పలేదు, వాడు మళ్లీ ఆ పెన్నుతోనే రాసుకున్నాడు. మీ రూపాయితో నాకు గొడవ లేదు. ఉన్నింటి పిల్లాడు పోగొట్టుకుంటే 'ఎవరో తీశారు' అవుతుంది, లేనింటి పిల్లాడు పోగొట్టుకుంటే 'బాధ్యత లేదు' అవుతుంది. నా గొడవ అదీ.

గుణుపురం మాస్టారు: రెండు మూడుసార్లు నేనూ వెతికించాను. ఎవరి సంచితో మొదలుపెట్టానో నాకు గుర్తుంది. ఇక్కడ రాయలేను. వేళ్ల లెక్క మాత్రం మంచిదే, అది మానమనకండి.

పర్లాకిమిడి అమ్మ: మొదట రాయని సంగతొకటుంది. మూడో బాటిల్ పోయినప్పుడు క్లాస్ టీచరుకి ఫోన్ చేసి, ఎవరో తీసుంటారు చూడండి అన్నాను. ఒక పిల్లాడి పేరు కూడా చెప్పాను. ఇందాక ఆటో అబ్బాయి వెనకసీటు కింద నుంచి మూడు బాటిళ్లూ, పెన్సిల్ బాక్సూ తీసిచ్చాడు. టీచరు ఆ పిల్లాణ్ణి ఏమడిగారో ఏమో. రేపు పొద్దున్నే బడికి వెళ్లాలి. చెప్పు మాత్రం దొరకలేదు.