పాలు మానేసిన పిల్లికూనకి ఉడికించిన చికెన్ ఒక్కటే పెడితే సరిపోతుందా?

తెల్లతోక (ప్రశ్న)

అందరికీ నమస్తే. మా ఇంటికి పిల్లికూన వచ్చి పది రోజులైంది. రెండు నెలల వయసు, తల్లి పాలు మానేసింది అని ఇచ్చినవాళ్లు చెప్పారు. ఒళ్లంతా బూడిద రంగు, తోక చివర మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుంది.

మొదటి రెండు రోజులు ఆవుపాలు పోశాను. గిన్నె నాకి ఖాళీ చేస్తుంటే మురిసిపోయాను. మూడో రోజుకి లూజ్ మోషన్స్! పాలు ఆపాక తగ్గాయి. ఇప్పుడు ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ బ్రెస్ట్ సన్నగా చీల్చి రెండు పూటలా పెడుతున్నాను. గుర్రుమంటూ తింటుంది, మధ్యలో ఎవరైనా చెయ్యి పెడితే ఊరుకోదు. పిల్లుల పొడి తిండి, ఆ గింజల ప్యాకెట్ కూడా తెచ్చాను కానీ దాన్ని వాసన చూసి, పక్కన నేలని కాలితో గీకి, పాతిపెట్టినట్టు చేసి వెళ్లిపోతుంది.

చికెన్ అంటే అంత ప్రాణం కదా, అదే పెట్టేస్తే పోదా? ఎన్నిసార్లు పెట్టాలి? తిన్నాక పొట్ట బంతిలా ఉబ్బుతుంది, అది మామూలేనా?

నిద్రలేనిరాత్రి

పాలు ఆపి మంచి పని చేశారు. తల్లి పాలు మానే కొద్దీ పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది, ఆ మోషన్స్ అందుకే. ఇక తాగడానికి నీళ్లే. బరువెంతో చూశారా?

బొగ్గువాళ్లమ్మ

నేను చేసిన తప్పే మీరూ చేయబోతున్నారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా మొదటి పిల్లి పేరు బొగ్గు. రెండు నెలలప్పుడు తెచ్చుకుని దానికి అచ్చం మీలాగే ఎముకల్లేని చికెన్ ఉడికించి పెట్టేదాన్ని. అదీ మూడు నెలల పాటు. నాలుగున్నర నెలలు వచ్చేసరికి సోఫా ఎక్కడం మానేసింది. బద్ధకం అనుకుని నవ్వుకున్నాను. ఒకరోజు సాయంత్రం పీట మీద నుంచి దూకి కీచుమని అరిచింది. పీట ఎత్తు జానెడు కూడా ఉండదు. వెనక కాలు నేల మీద ఆనించలేదు.

ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనబడాలి కదా, దానివి చుట్టూ ఉన్న కండలో కలిసిపోయినట్టు మసగ్గా ఉన్నాయి. "ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టర్ అడిగితే "చికెన్ అండీ, ప్యూర్ చికెన్" అని గొప్పగా చెప్పాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు.

ఆయన చెప్పింది ఇదీ. కండలో భాస్వరం బోలెడు, కాల్షియం దాదాపు లేదు. రక్తంలో కాల్షియం పడిపోకుండా ఒళ్లు దాన్ని ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎదిగే కూనకైతే ఎముక గట్టిపడే ముందే గుల్లబారిపోతుంది. పిల్లి ఎలుకను పడితే కండ ఒక్కటే తినదు, ఎముకలు, గుండె, కాలేయంతో సహా నమిలేస్తుంది. మనం పెట్టే చికెన్ బ్రెస్ట్ అందులో ఒక ముక్క మాత్రమే. అలాగని ఉడికించిన ఎముకలు వేయకండి, అవి పెళుసుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. రోజూ లివర్ పెట్టడమూ వద్దు, విటమిన్ ఎ ఎక్కువైపోతుంది.

ఇంకోటి టారిన్ అనే పోషకం. పిల్లులు దాన్ని ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేవు, తిండిలోంచే రావాలి. ఉడికించి నీళ్లు పారబోస్తే అందులో కొంత ఆ నీళ్లతోనే పోతుంది. టారిన్ చాలకపోతే కంటి చూపు దెబ్బతింటుందని 1970లలో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తేలాక ప్యాకెట్ తిండిలో దాన్ని జాగ్రత్తగా కలపడం మొదలుపెట్టారు. కుక్కల తిండి పిల్లికి పనికిరాదనేది కూడా ముఖ్యంగా ఇందుకే.

కాబట్టి ప్యాకెట్ మీద పిల్లికూనలకి అని, సంపూర్ణ ఆహారం అని ఉన్నది కొనండి. ఏడాది నిండేదాకా అదే. తడిదైనా పొడిదైనా సరే. చికెన్‌ని రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటనివ్వకండి.

గింజలు ముట్టదన్నారు కదా, నేను బొగ్గుకి చేసింది చెప్తాను. చికెన్ ఉడికిన నీళ్లు (ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు, ఉల్లి వెల్లుల్లి పిల్లులకి విషం) గోరువెచ్చగా గింజల మీద పోసి పది నిమిషాలు నాననివ్వండి. వేలితో మెత్తగా చిదిమి, నాలుగు చికెన్ పోగులు కలిపి, ఆ వేలే మూతికి రాయండి. నాకక తప్పదు. వారం, పది రోజుల్లో చికెన్ తగ్గిస్తూ గింజలు పెంచండి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మాత్రం పస్తు పెట్టొద్దు. అంత చిన్న కూనకి షుగర్ ఇట్టే పడిపోతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

నాలుగు నెలలు వచ్చేదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. తడి తిండి గంటా రెండు గంటల్లో తినకపోతే తీసి పారేయండి. నీళ్ల గిన్నె తిండికి దూరంగా ఉంచండి.

పొట్ట తిన్నాక ఉబ్బితే ఫరవాలేదు. పరగడుపునా అలాగే ఉండి, వేళ్లకి పక్కటెముకలు గుచ్చుకుంటుంటే పురుగులని అనుమానించాలి. తల్లి పాల నుంచే వచ్చేస్తాయి అవి. నట్టల మందు బరువును బట్టి ఇస్తారు, డాక్టర్‌నే అడగండి. మన మందులు ఏవీ వేయొద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీసేస్తుంది.

బొగ్గుని నెలకి పైగా చిన్న బోనులో కదలకుండా ఉంచాం. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. వెనక కాలు కొంచెం ఈడుస్తుంది.

పాతకాలపుమనిషి

ఇంత హడావుడి ఎందుకండీ? మా చిన్నప్పుడు పిల్లులు మేం తినగా మిగిలింది తిని హాయిగా బతికాయి.

బొగ్గువాళ్లమ్మ

మీరు వేసింది తిని అవి పడుకునేవా, రాత్రంతా వేటకి పోయేవా? ఎలుకలు, బల్లులు, పిట్టలు మీ లెక్కలోకి రాలేదు. గడప దాటని కూనకి మనం గిన్నెలో ఏం వేస్తే అదే.

తెల్లతోక

బొగ్గు సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి అందులో కూర్చోబెట్టాను. రెండుసార్లు దూకేసింది, మూడోసారి 690 గ్రాములు. డాక్టర్ కొంచెం తక్కువే అన్నారు, వారానికి వంద గ్రాముల దాకా పెరగాలట. పొట్ట చూసి నట్టల మందు వేశారు. మర్నాడు ఇసుక ట్రేలో కనబడినవి సేమ్యాలా ఉన్నాయి, ఇక వర్ణించను.

మీరు చెప్పినట్టే గింజలు నానబెట్టాను. మొదటిరోజు వేలు నాకి, గిన్నె వదిలేసి, మళ్లీ వేలే కావాలంది. మూడు రోజులుగా గిన్నెలో తింటోంది. ఇవాళ చికెన్ నీళ్లు అయిపోయి ఉత్త వేడినీళ్లు పోశాను. కనిపెట్టేసింది. మళ్లీ నేల గీకి వెళ్లిపోయింది, పావుగంటకి తిరిగొచ్చి నేను చూడటం లేదనుకుని తినేసింది.