ఎనిమిది నెలల పాపతో సైకిల్: వెనక సీటా, ట్రైలరా?

మ్యూనిక్ నుంచి, ప్రశ్న:
నమస్తే అండీ. మా పాపకి ఎనిమిది నెలలు నిండాయి, బరువు 8 కిలోల 200 గ్రాములు. ఈమధ్యే కూర్చోవడం మొదలెట్టింది, కానీ ఇంకా అప్పుడప్పుడు పక్కకి ఒరిగిపోతుంది. సెప్టెంబర్ నుంచి కీటాలో (పిల్లల డే కేర్‌లో) వెయ్యాలి. ఇంటి నుంచి మూడున్నర కిలోమీటర్లు. సగం దూరం ఈజార్ నది ఒడ్డున కంకర బాట, మిగతా సగం ట్రామ్ పట్టాలున్న రోడ్డు. మాకు కారు లేదు. ఆయనేమో వెనక సీటు చాలు, తక్కువలో అయిపోతుంది అంటున్నారు. నాకు ట్రైలర్ (సైకిల్ వెనక తగిలించే పిల్లల బండి) మీద మనసుంది, కానీ మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కెల్లర్ (నేలమాళిగ) మెట్లు బాగా ఇరుకు. మా అత్తయ్య ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. ఏడాది నిండని పిల్లని సైకిలెక్కించడమేంటని గట్టిగానే అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి, ఏది కొనమంటారు?

లైప్‌జిగ్ నుంచి, జవాబు:
అండీ, మీ అత్తయ్యగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో చాలా నిజముంది. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ కండరాలు ఇంకా గట్టిపడలేదు. ఇంట్లో చాప మీద కూర్చోవడం వేరు, హెల్మెట్ బరువు నెత్తిన పెట్టుకుని గతుకుల్లో ఊగిపోకుండా కూర్చోవడం వేరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఏఏపీ, పన్నెండు నెలల లోపు పిల్లల్ని సైకిల్ మీద తీసుకెళ్లొద్దనే చెబుతుంది. ట్రైలర్లు చేసే బర్లీ కంపెనీ కూడా ఏడాది నిండాకే సైకిల్‌కి తగిలించమంటుంది. జర్మనీలో మాత్రం ట్రైలర్‌లో కట్టే ఊయల లాంటి పడకలు కొన్ని వారాల పిల్లలకి కూడా అమ్ముతారు, చుట్టుపక్కల వాడేవాళ్లూ బోలెడుమంది కనిపిస్తారు. షాపులో అమ్ముతున్నారు కదా అని వెంటనే రోడ్డెక్కించొద్దు.

మీ పాప విషయంలో సీటు సంగతి బరువు దగ్గరే తేలిపోతుంది. యూరప్‌లో సైకిల్ సీట్లకి ఈఎన్ 14344 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెనక సీటు 9 నుంచి 22 కిలోల పిల్లలకి, హ్యాండిల్ దగ్గర పెట్టే ముందు సీటు 9 నుంచి 15 కిలోల పిల్లలకి. పాప ఇంకా 9 కిలోలు రాలేదు, ఒరగకుండా కూర్చోవడమూ రాలేదు. కాబట్టి ఇవాళ్టికి సీటు ప్రశ్నే లేదు. సెప్టెంబర్‌కి ఎలాగూ ఏడాది నిండుతుంది. పది, పన్నెండు నెలల మధ్య యూ6 అనే పిల్లల డాక్టర్ చెకప్ ఉంటుంది కదా, అప్పుడు డాక్టర్‌ని మెడ, నడుము చూసి చెప్పమని అడగండి. ఈలోపు ట్రైలర్ తెచ్చుకున్నా చేత్తో తోసుకుంటూ నడవండి. పాపకి అందులో కూర్చోవడం అలవాటవుతుంది.

ఇక సెప్టెంబర్ నుంచి ఏది అంటే, మీ దారికి, ఈ చలికాలానికి నేను ట్రైలరే అంటాను.

మొదటి కారణం కంకర బాట. వెనక సీటు ఎంత మంచిదైనా ఫ్రేముకి బిగించిన రెండు కమ్మీల మీద ఆగుతుంది, వాటి స్ప్రింగ్ కొంతవరకే ఆపుతుంది, మిగతా అదురంతా పిల్ల వెన్నుకే. ట్రైలర్‌కి సస్పెన్షన్ ఉన్నది తీసుకుని, టైర్లలో గాలి రాసి ఉన్న హద్దులోనే కాస్త తక్కువగా పెడితే కంకర మీద తేడా మీకే తెలుస్తుంది. రెండోది నిద్ర. కీటా నుంచి వచ్చేటప్పుడు పిల్లలు దారిలోనే కునుకేస్తారు. సీటులో తల పక్కకి వేలాడిపోతుంది, ట్రైలర్‌లో ఆనుకోవడానికి చోటుంటుంది. మూడోది చలి. తొక్కే మనకి చెమట పడుతుంది, వెనక కదలకుండా కూర్చున్న పిల్లకి గాలి కొడుతూనే ఉంటుంది. మనకి వెచ్చగా ఉందని పిల్లకీ వెచ్చగానే ఉందనుకుంటాం. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటే ఇంకో పొర వెయ్యాలి.

నాలుగోది పడిపోవడం. సైకిల్ ఒరిగితే సీటులో పిల్ల తల దాదాపు మీటరు ఎత్తు నుంచి నేలకి వస్తుంది. ట్రైలర్‌ని వెనక చక్రం ఇరుసుకి తగిలించే కొక్కెం తిరిగేలా ఉంటుంది, అందుకే సైకిల్ పడ్డా ట్రైలర్ మామూలుగా నిలబడే ఉంటుంది. ఆ కొక్కెం మీ సైకిల్ ఇరుసుకి సరిపోతుందో లేదో కొనేముందే చూసుకోండి. కొత్త సైకిళ్లలో థ్రూ యాక్సిల్ (చక్రం మధ్య నుంచి దూర్చి మరతో బిగించే ఇరుసు) ఉంటే మర సైజుకి తగిన అడాప్టర్ విడిగా కొనాలి. బయల్దేరే ప్రతిసారీ పిన్ను పడిందా, దానికి తోడుగా ఉండే సేఫ్టీ పట్టీ ఫ్రేము చుట్టూ తిప్పి తగిలించామా అని చేత్తో లాగి చూడండి. చూపుతో సరిపెట్టొద్దు.

ఫ్రైబుర్గ్ నుంచి:
అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ ట్రామ్ రోడ్డు మాటేంటి? ట్రైలర్ అంటే పట్టాల మీద మూడు గీతల్లో చక్రాలు నడుస్తాయి. వెడల్పు కూడా ఎక్కువ, ఇద్దరు పిల్లల ట్రైలర్ అయితే 80 సెంటీమీటర్ల పైమాటే. బాటల మొదట్లో అడ్డంగా పెట్టే కమ్మీల మధ్య తిప్పడం నరకం. మేం వెనక సీటే వాడుతున్నాం. బాబు నా వీపు వెనకే ఉంటాడు, దారంతా కబుర్లు. స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టి రైలెక్కేస్తాను, ట్రైలర్ ఎక్కడ దాచాలన్న బెంగ లేదు. ధర కూడా చూడండి. మంచి సీటు నూటయాభై యూరోల చుట్టుపక్కల వస్తుంది, కొత్త ట్రైలర్‌కి చాలాసార్లు దానికి అయిదారు రెట్లు.

లైప్‌జిగ్ నుంచి:
మీ బాబుకి ఎన్నేళ్లు? రెండు దాటితే నేనూ సీటే మంచిదంటాను. ఏడాది పిల్లతో మాత్రం కాదు. పట్టాల సంగతి నిజమే. వాటిని అడ్డంగా, తిన్నగా దాటాలి, ఏటవాలుగా పోకూడదు. అంతకన్నా ఒక వీధి పక్కకి తిరిగితే పట్టాల్లేని దారి దొరుకుతుందేమో చూడండి. నాలుగు నిమిషాలు ఎక్కువైనా పరవాలేదు. కార్ల పొగ కూడా ట్రైలర్ ఎత్తులోనే ఎక్కువ, అందుకూ లోపలి వీధులే నయం. ట్రైలర్‌కి ఉండే జెండా కర్ర తీసెయ్యొద్దు. చీకట్లో ట్రైలర్ మీ సైకిల్ వెనక లైటుని కప్పేస్తుంది, దానికి విడిగా ఎర్ర లైటు పెట్టండి.

హెల్మెట్ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. షాపులో హెల్మెట్ పెట్టి, ఆ హెల్మెట్‌తోనే పిల్లని సీటులోనో ట్రైలర్‌లోనో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, పక్క నుంచి చూడండి. హెల్మెట్ వెనక భాగం ఆనుకునే చోట తగిలి తల ముందుకి నెట్టుకుపోతే, గడ్డం ఛాతీకి ఆనితే, ఆ జోడీ పనికిరాదు. ఊపిరికే ఇబ్బంది. వెనక వైపు చదునుగా ఉండే హెల్మెట్లు పిల్లల కోసం దొరుకుతాయి, తల దగ్గర గుంట ఉన్న సీట్లూ ఉంటాయి.

మ్యూనిక్ నుంచి:
చాలా థ్యాంక్సండీ, అత్తయ్యకి చదివి వినిపించాను. ఇంకో రెండు అడుగుతాను. మావారిది గంటకి 45 కిలోమీటర్లు పోయే ఈ-బైక్, దానికి ట్రైలర్ కట్టొచ్చా? అప్పటిదాకా దగ్గర్లో పార్కుకి వెళ్లడానికి పాపని ఛాతీకి కట్టుకుని మెల్లగా తొక్కొచ్చా?

ఫ్రైబుర్గ్ నుంచి:
రెండూ వద్దు. 45 బైక్‌కి పిల్లల ట్రైలర్ కట్టడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. 25 దగ్గర మోటార్ ఆగిపోయే మామూలు ఈ-బైక్‌కి కట్టొచ్చు. తొక్కేవాళ్లకి 16 ఏళ్లు నిండాలి, పిల్లలు ఏడేళ్ల లోపువాళ్లై ఉండాలి, ఒక ట్రైలర్‌లో ఇద్దరికి మించకూడదు. ఛాతీకి కట్టుకుని అస్సలు తొక్కొద్దు. మీరు పడితే మీ బరువంతా పాప మీదే. పార్కుకి నడిచే వెళ్లండి.

సీటుకి మారే రోజు వచ్చినప్పుడు ఇవి గుర్తుంచుకోండి. మీ సైకిల్ మధ్య కమ్మీ కిందకి ఉండేదైతే మంచిది, వెనక పిల్ల ఉండగా కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం కుదరదు. కార్బన్ ఫ్రేముకి సీటు బిగించొద్దు. మీరు కూర్చునే సీటు కింద బయటికి కనిపించే స్ప్రింగులుంటే మూత వెయ్యాలి, వెనక నుంచి చిన్న వేళ్లు సరిగ్గా అక్కడికే వస్తాయి. పాదాల పట్టీలు ఎప్పుడూ వదలొద్దు, స్పోకుల్లో కాలు పడిందంటే మామూలు దెబ్బ కాదు. రెండు కాళ్ల స్టాండు వేయించండి. అది వేసినా సరే, పిల్లని కూర్చోబెట్టి తాళం చెవి కోసం ఒక్క అడుగు కూడా పక్కకి వెళ్లొద్దు. నిలబెట్టిన సైకిల్ మీద పిల్ల కదిలితే చాలు, పడిపోతుంది.

డాలస్ నుంచి:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఏడాదిన్నర బాబు. ఇక్కడి నుంచి ట్రైలర్ పంపమంటున్నాడు. పంపనా?

లైప్‌జిగ్ నుంచి:
ఊళ్లో రోడ్ల మీదకైతే వద్దండీ. అమీర్‌పేట లాంటి చోట బస్సు డ్రైవర్ కంటికి అంత కిందున్న ట్రైలర్ ఆనదు, బైకులవాళ్లు సైకిల్‌కీ దానికీ మధ్య సందుందనుకుంటారు. స్పీడ్ బ్రేకర్లు సరేసరి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఉదయం పూట తిప్పడానికైతే మంచి వెనక సీటు, సరిపోయే హెల్మెట్ చాలు. ఆ రెండూ పంపండి.

మ్యూనిక్ గారూ, మూడో అంతస్తు గురించి మిగిలిపోయింది. ట్రైలర్‌ని పైకి మొయ్యాలనుకోవద్దు, ఖాళీదే పన్నెండు, పదిహేను కిలోలుంటుంది. హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కి (బిల్డింగ్ నిర్వహణ చూసేవాళ్లకి) ఉత్తరం రాసి, పెరట్లో సైకిళ్ల దగ్గర కప్పేసి తాళం వేసుకోవడానికి అనుమతి అడగండి. పొద్దున దింపాక ట్రైలర్ అక్కడే వదలొచ్చా అని కీటానీ అడగండి. ఒప్పుకుంటే మీరో, మీవారో, ఎవరు తెచ్చుకున్నా సరిపోతుంది. ఒక్క పాపే కాబట్టి ఒంటి సీటుది తీసుకోండి, సన్నగా ఉంటుంది, కెల్లర్ మెట్లకీ చక్రాలు తీసి మడిస్తే పట్టొచ్చు. ముందు టేపుతో మెట్ల వెడల్పు కొలవండి.

పాతది కొంటున్నట్లయితే యాక్సిడెంట్ అయిందా అని సూటిగా అడిగి, గొట్టాలు వంగాయేమో, బెల్టుల అంచులు పీచులు లేచాయేమో, కొక్కెం దగ్గరి రబ్బరు పగిలిందేమో చూడండి. సీటైతే ఎండకి ప్లాస్టిక్ తెల్లబారి గీతలు పడిందంటే ఎంత చవకైనా తీసుకోవద్దు. కొనేముందు పాపకి బదులు బియ్యం బస్తా పెట్టి, ఆ ఈజార్ బాట మీదే ఒక చుట్టు తొక్కి చూడండి.